ఐమూల చాప

మా మసీదు మక్కా వైపు చూడదు. పొద్దుగూకే వైపు చూస్తుంది. మక్కా అక్కడికి కుడిచేతి వైపు, ఇంకాస్త ఉత్తరాన ఉంది. అందుకని కట్టిననాటి నుంచీ మా దీవి మగవాళ్ళు లోపలికి వెళ్ళి, గోడను పట్టించుకోకుండా ఐమూలగా తిరిగి నిలబడతారు. కొత్తవాడెవడైనా గోడకెదురుగా నిలబడితే పక్కవాడు మోచేత్తో పొడిచి తిప్పుతాడు. పిల్లలకు నడక వచ్చినట్టే ఈ తిరగడమూ వస్తుంది. ఎవరూ పనిగట్టుకుని నేర్పరు.

ఎందుకలా కట్టారని అడిగితే ఇంటికొక కథ చెబుతారు. తెరచాప వాలు చూసి దిక్కు పట్టారని ఒకరు, మబ్బు పట్టిన రోజున ముగ్గు పోశారని ఒకరు. రాయి చెక్కినవాడికి మెల్లకన్ను అని రేవు దగ్గర అరుగు మీద కూర్చునే ముసలాయన చెబుతాడు.

గోడలు ఒక వైపు, మనుషులు ఒక వైపు అయితే చిక్కంతా చాపలతో వస్తుంది. మామూలు తుంగచాప ఐమూలగా పరిస్తే ఒక కొస గోడకు తగిలి పైకి లేస్తుంది, రెండో కొస దగ్గర నేల బయటపడుతుంది. మా మసీదుకు వాలు అంచు చాపలు కావాలి. ఒక అంచున పడుగు పోగు వదులుతూ, రెండో అంచున పోగు కలుపుకుంటూ నేయాలి. ఆ పని మా అమ్మమ్మది. ఆ తరవాత మా అమ్మ వదీఫాది. ఆ నైరుతి గాలుల కాలంలో అది నాది కావాలని అమ్మ పట్టుబట్టింది.

"ఇఫ్ఫా, ఏంటిది?"

"చాప."

"చాపే, ఎవరికి అని. అంచు చూడు, కర్ర మింగినట్టుంది."

నా చేతికి ఆ వాలు పట్టుబడేది కాదు. ఎంత జాగ్రత్తగా కూర్చున్నా నాలుగు వరసలయ్యేసరికి అంచు తిన్నగా వచ్చేది. పగలంతా నేను నేసింది సాయంత్రం అమ్మ కూర్చుని విప్పేది. తుంగ నానబెట్టిన నీళ్ళ వాసన నా జుట్టులోంచి పోయేది కాదు. పసుపు రంగు వేసిన పుల్లలతో వేళ్ళు కామెర్లు వచ్చినట్టు ఉండేవి.

పదో తరగతి అయిపోయింది. పై చదువు పెద్ద దీవిలో ఉంది. గాలులు తగ్గగానే అక్కడ తరగతులు మొదలవుతాయి. బప్ప, అంటే మా నాన్న, నా పేరు రాయించి వచ్చాడు. మేనత్త తన ఇంట్లో ఉండమంది. అడ్డం అమ్మ ఒక్కతే.

"వెళ్ళు. నేను వద్దన్నానా? ముందు వరస చాపలు మూడూ పూర్తి చేసి వెళ్ళు."

"మూడా! అమ్మా, నువ్వు విప్పేస్తుంటే ఒకటీ అవదు."

"సరిగ్గా నేస్తే నేనెందుకు విప్పుతాను?"

"ఈ ఏడు చేరకపోతే చోటు పోతుంది."

"చదువు ఎక్కడికి పోతుందే? వచ్చే ఏడూ ఉంటుంది. మసీదు నేల ఖాళీగా ఉంటే ఎవరిని అంటారు? నన్నంటారు. నెయ్యి."

నాకు పదిమందిలో నోరు పెగలదు. ఇంట్లోనూ అంతంత మాత్రమే. లోపల్లోపల అమ్మకు ఎన్ని జవాబులు చెప్పేదాన్నో. వాటిలో మంచిది ఒక్కటీ బయటికి వచ్చేది కాదు.

ఆ ఏడు సముద్రం మసీదు మెట్ల దాకా వచ్చింది. ఒక పొద్దున గనీ కాఫా నమాజుకు పిలుస్తూ బాంగు ఇవ్వడానికి వెళ్తే మెట్టు మీద ఆయన కాలి కింద పీత పడింది. గనీ కాఫా మా మసీదు పెద్ద. నమాజు చేయించేది ఆయనే, తాళం తీసేది ఆయనే. మా ఇంటి తాత కాకపోయినా దీవి మొత్తానికి ఆయన కాఫాయే, అంటే తాతే. కళ్ళు మసకబారి చాలా కాలమైంది. "పీతకు ఇక్కడ అలవాటైందంటే మనకు వెళ్ళే వేళయింది" అన్నాడట.

మసీదును విప్పి దీవి నడుమకు తరలించాలని కౌన్సిల్ తీర్మానించింది. విప్పడమే, కూల్చడం కాదు. మా మసీదులో సున్నం లేదు, సిమెంటు లేదు. పగడపు దిబ్బను నీళ్ళలో మెత్తగా ఉన్నప్పుడే దిమ్మలుగా కోసి, గాలికి గట్టిపడ్డాక చెక్కి, ఒక రాయి నాలుకను ఇంకో రాయి గాడిలో దూర్చి కట్టింది. "సొరుగులు లాగినట్టు వచ్చేస్తాయి" అన్నాడు రాజధాని మాలె నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు శియాన్.

రాలేదు. చివర పెట్టిన రాయిని ముందు తీయాలి. అది ఏదో చెప్పడానికి పెట్టినవాడు లేడు. ఒకడు ఇటు కొట్టమంటే ఇంకొకడు అటు కొట్టమన్నాడు. చేపలవేట మానేసి మగవాళ్ళంతా అక్కడే చేరి ఒకళ్ళకొకళ్ళు సలహాలు చెప్పుకున్నారు. చివరికి వానకు తడిసి ఒక రాయి తనంతట తానే కదిలింది. దాన్ని తానే కదిలించానని చెప్పినవాళ్ళు మాత్రం చాలామంది.

మేము ఆడవాళ్ళం వాళ్ళకు అన్నాలు మోసుకెళ్ళిన రోజున లోపలి వరస రాళ్ళు బయటపడ్డాయి. వాటిని తిప్పి చూస్తే వెనక వైపు కూడా చెక్కడం ఉంది. రేకులు విప్పిన పువ్వులు, వాటి నడుమ సూర్యబింబం లాంటి గుండ్రటి బొమ్మ. ఆ ముఖాలను గోడ లోపలికి పెట్టి కట్టేశారు.

"ఇవి మసీదుకంటే పాతవి" అన్నాడు శియాన్ మోకాళ్ళ మీద కూర్చుని. "ఇక్కడ అంతకుముందు వేరే ఏదో గుడి ఉండేది. అది పొద్దుగూకే వైపుకు ఉండి ఉంటుంది. మీ పెద్దలు ఆ పునాది మీదే, ఆ రాళ్ళతోనే కట్టారు."

ఒక్క మాటతో అన్ని ఇళ్ళ కథలూ పోయాయి. మెల్లకన్ను కథ చెప్పే ముసలాయన మాత్రం ఒప్పుకోలేదు.

గనీ కాఫా ఆ పువ్వు మీద వేళ్ళు పెట్టి తడిమాడు. "పునాది పారెయ్యలేదు చూడు మావాళ్ళు. మనుషులు తిరిగితే చాలనుకున్నారు. రాయిని తిప్పడం కంటే మనిషిని తిప్పడం తేలిక."

"ఇప్పుడు రాయిని తిప్పడమే తేలిక కాఫా" అన్నాడు కౌన్సిల్ అధ్యక్షుడు జమ్షీద్. "ఎలాగూ విప్పేశాం. కొత్త చోట మక్కా వైపుకే తిన్నగా పెట్టేద్దాం. ఇంకెన్నాళ్ళు పక్కవాడి మోచేయి తినడం?"

కాఫా కాదనలేదు, అవుననలేదు. "నాకు ఎటైనా ఒకటే మసక" అన్నాడు.

మా బప్ప జమ్షీద్ పక్షం చేరాడు. దానికి కారణం ఆయన నుదురు. ఐమూల వరసల్లో ముందు మూలకు ఒక్క మనిషే పడతాడు. ఆ చోటు తాతల నాటి నుంచీ మా ఇంటివాళ్ళది. నేలకు నుదురు ఆనించే సజ్దాకు వంగినప్పుడల్లా అది గోడకు తగులుతుంది. "ఈ కాయ చూసి అందరూ నాది మహా భక్తి అనుకుంటారు. గోడ దెబ్బ ఇది" అనేవాడు.

ఆ సాయంత్రం రొషి రొట్టెలు, చేపల చారు ముందు పెట్టుకుని ఇంట్లో యుద్ధం జరిగింది.

"మసీదు తిన్నగా పెడితే నా చాపలేం కావాలి?"

"నాలుగు మూలల చాప నెయ్యి. అదేం బ్రహ్మవిద్య? లోకమంతా అదే నేస్తుంది."

"లోకమంతా నేసేదైతే ఇంక నేనెందుకు?"

బప్ప రొషి ముక్క చారులో ముంచాడు. అది నాని గిన్నెలో పడిపోయేదాకా పైకి తీయలేదు. "జమ్షీద్ గీతలున్న తివాచీ తెప్పిస్తున్నాడులే. ఓడలో వస్తోంది. అసలు చాపల బాధే ఉండదు" అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

ఆ రోజు నుంచి వాళ్ళిద్దరి మాటలూ నా మీదుగా నడిచాయి. "ఇఫ్ఫా, వానొస్తోంది, చేపలు లోపల పెట్టమని మీ బప్పకు చెప్పు." "ఇఫ్ఫా, అవి ఎప్పుడో పెట్టానని మీ అమ్మకు చెప్పు." ఇద్దరూ ఒకే గదిలో, ఒకే దీపం కింద కూర్చుని ఉండేవాళ్ళు. నేను అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి చెప్పి చెప్పి, చివరికి చెప్పడం మానేశాను. అయినా ఇద్దరికీ అన్నీ అందుతూనే ఉండేవి.

నాలో నేను సంతోషించాను. మసీదు తిన్నగా లేస్తే వాలు చాపలు అక్కర్లేదు, నేను పడవెక్కవచ్చు. కానీ అమ్మ మగ్గం వదల్లేదు, నన్నూ వదలనివ్వలేదు.

"అమ్మా, ఇవి ఇంక ఎవరికి?"

"వాళ్ళకే బుద్ధొస్తుంది. నెయ్యి."

కొత్త చోట దిక్కు చూడటానికి ముందు ఫోన్లు తీశారు. మూడు ఫోన్లు మూడు వైపులు చూపించాయి.

"నీది చైనా ఫోను."

"నీది మదీనాలో చేశారా మరి?"

ఆ గొడవతో ఒక వారం పోయింది. శియాన్ తన పరికరం బిగించి తాడు లాగితేగాని నోళ్ళు మూతపడలేదు. పునాది లేచింది, గోడలు లేచాయి. పువ్వుల ముఖాలను ఎప్పటిలాగే లోపలికి పెట్టారు. పాత చెక్క తలుపులు పాత గాడిలోనే జారాయి. లక్కపూత దూలాలు తుడిచేసరికి ఎర్రగా మెరిశాయి. బయటి నుంచి చూస్తే మా మసీదే. లోపల మాత్రం ఎదురుగోడ మక్కాకు సరిగ్గా ఎదురుగా ఉంది.

మొదటి శుక్రవారానికి తివాచీ రాలేదు. ఆ ఓడ ఏ రేవులో ఉందో ఎవరికీ తెలియదు. నేల మీద తెల్ల దుప్పట్లు పరిచారు. మేము వెనక వసారాలో తెర వెనక నిలబడ్డాం. తెర పల్చనిది. లోపల ఏం జరుగుతోందో బాగానే కనిపిస్తుంది.

గనీ కాఫా ముందుకు వెళ్ళాడు. చేత్తో గోడ తడిమి చూసుకున్నాడు. చెయ్యి తీశాడు. నిలబడ్డాడు. ఆ వెంటనే, ఎప్పటిలాగే, కాస్త కుడికి తిరిగాడు.

ఆయన వెనక మొదటి వరస తిరిగింది. దాని వెనకది తిరిగింది. తీరంలో చిన్నచేపల గుంపు ఒక్కసారిగా పక్కకు మళ్ళినట్టు దీవి మొత్తం మళ్ళింది. జమ్షీద్ మళ్ళాడు. మా బప్ప ఎవరూ వెళ్ళమనకపోయినా నేరుగా వెళ్ళి మూలలో నిలబడి మళ్ళాడు. గోడకెదురుగా మిగిలింది శియాన్ ఒక్కడే. ఎడమ పక్క నుంచి ఒక మోచేయి, కుడి పక్క నుంచి ఒక మోచేయి పొడిచాయి. పాపం, అతనూ తిరిగాడు.

నా పక్కన అమ్మ "యా అల్లా" అని గొంతులోనే అనుకుంది. అప్పుడు చూసుకుంటే మేమూ తిరిగే ఉన్నాం.

సజ్దా దగ్గర మూల నుంచి ఠప్పుమని చప్పుడు వచ్చింది. అది ఎవరి నుదురో నాకు తెలుసు.

నమాజు అవగానే లోపల సంత మొదలైంది.

"ముందు తిరిగిందెవడు?"

"కాఫా తిరిగాడు."

"కాఫాకు కళ్ళు లేవు. నీకున్నాయిగా?"

"నాకంటే ముందు జమ్షీద్ తిరిగాడు."

"నేనా? నేను కదల్లేదే!"

"నీ భుజం నా చెవిలో ఉంది, కదలలేదట!"

గనీ కాఫా చెయ్యెత్తాడు. "తెలియక చేసింది అల్లా మన్నిస్తాడు. ఇప్పుడు తెలిసింది కదా. లేవండి, మళ్ళీ నిలబడండి." రెండోసారి సగం మంది తిన్నగా నిలబడ్డారు, సగం మంది తిరిగారు. వరసల మధ్య కాళ్ళు కాళ్ళకు తగిలాయి. మూడోసారి శియాన్ ముందు నిలబడి ఒక్కొక్కరి భుజాలు పట్టి తిప్పితేగాని పని కాలేదు. అతను మర్నాడు మాలె పడవెక్కాడు. ఎంత తొందరగా ఎక్కాడో చెప్పలేను.

ఆ తరవాత తాడు కట్టి చూశారు, బొగ్గుతో గీతలు గీసి చూశారు. చూపున్నవాళ్ళు మెల్లగా దారికొచ్చారు. గనీ కాఫా మాత్రం వాళ్ళు తిప్పి వదిలిన ప్రతిసారీ పాత వైపుకే పోయేవాడు. ఆయన తిరిగితే వెనక పెద్దవాళ్ళూ తిరిగేవాళ్ళు. "గీత నాకేం కనపడుతుంది? చాప అంచయితే నా పాదానికి తెలుస్తుంది. వదీఫాను అడగండి" అన్నాడు ఆయన.

అలా వాళ్ళు మా ఇంటికి వచ్చారు. జమ్షీద్ వాకిట్లో వల కుర్చీలో కూర్చున్నాడు. కాఫా మంచం మీద కూర్చున్నాడు. నేను తలుపు వెనక నిలబడ్డాను. అమ్మను ఎప్పుడూ పేరు పెట్టి పిలిచే జమ్షీద్ ఆ రోజు "దత్తా" అన్నాడు. అంటే అక్కయిపోయింది.

"నాలుగు మూలల చాప కావాలి దత్తా. అంచు లావుగా, కాలికి తగిలేలా."

"తివాచీ ఓడ ఏమైంది?"

"వస్తోంది."

"రానీ మరి. నాలుగు మూలలదేగా, లోకమంతా నేస్తుందట. అంతేకదా ఇఫ్ఫా? మీ బప్పను అడుగు."

బప్ప దగ్గాడు. కొత్తగా బొప్పి కట్టిన నుదురు తడుముకుని వల బాగుచేసే నెపంతో పక్కకు తిరిగాడు.

"వదీఫా" అన్నాడు కాఫా, "వాళ్ళ మాట వదిలెయ్యి. నేనడుగుతున్నాను."

అమ్మ లేచింది. "కాఫా కోసం" అని జమ్షీద్ వైపు చూస్తూ చెప్పి, మగ్గం ముందు కూర్చుంది. పుల్ల అందుకుంది. వరస మీద వరస వేసింది. అమ్మ చేతులు పనిలో ఉంటే చూడముచ్చటగా ఉంటుంది, ఎంత కోపంలో ఉన్నా ఆ మాట ఒప్పుకోవాలి. కాసేపటికి అంచు దగ్గర ఆమె వేలు తనంతట తానే ఒక పోగును పక్కకు నెట్టింది.

అమ్మ ఆగింది. విప్పింది. మళ్ళీ వేసింది. వేలు మళ్ళీ నెట్టింది. ఈసారి నోటితో "వదలకూడదు, వదలకూడదు" అనుకుంటూ వేసింది. నోరు అంటూనే ఉంది, వేలు వదిలేసింది.

అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటి వైపు చూసింది. అవి ఎవరివో అన్నట్టు చూసింది. తరవాత తల ఎత్తకుండానే, "ఇఫ్ఫా, ఇలా రా. కూర్చో" అంది.

నేను కూర్చుని నేశాను. గాలుల కాలమంతా తిట్లు తిన్న నా అంచు ఎప్పటిలాగే కర్ర మింగినట్టు వచ్చింది. జమ్షీద్ కుర్చీలోంచి సగం లేచాడు.

"అమ్మాయి చేతిలో ఉందే విద్య! ఇంకేం కాఫా, తివాచీ కూడా అక్కర్లేదు. ముందు వరస, దాని వెనక వరస, మొత్తం నేలంతా ఈ పిల్లే..."

నా చేతిలో పుల్ల ఆగిపోయింది. నేలంతా! నా పడవ గురువారం ఉంది.

"పిల్ల చదువుకు పోతోందని విన్నానే" అన్నాడు కాఫా.

"చదువు ఎక్కడికి పోతుంది కాఫా? వచ్చే ఏడూ ఉంటుంది."

అవి అమ్మ మాటలే. అచ్చంగా అవే. నేను అమ్మ వైపు చూశాను. చెప్పాల్సింది గొంతు దాకా వచ్చి ఎప్పటిలాగే అక్కడ కూర్చుండిపోయింది. అమ్మ నా మొహం చూసింది, నేను నేసిన అంచు మీద వేలితో ఒకసారి రాసింది.

"గురువారం పడవకు ఇఫ్ఫా వెళ్తోంది" అంది.

"మరి చాప?"

"నేను నేస్తాను."

"నీకు రావడంలేదుగా దత్తా!"

"రావడంలేదు. నేర్చుకుంటాను. అందాకా మోచేతులతో పొడుచుకోండి. అలవాటేగా."

గనీ కాఫా నవ్వాడు. బప్ప వల వదిలేసి అమ్మ వైపు చూశాడు. "టీ పెట్టనా?" అని అడిగాడు. నాతో చెప్పి పంపకుండా నేరుగా అమ్మనే అడిగాడు.

గురువారం దాకా అమ్మ మగ్గం దగ్గర, నేను అమ్మ పక్కన. అంతకంటే ఓపిక పరీక్షించే పని నా జన్మలో చేయలేదు. చెబితే వింటుంది, తల ఊపుతుంది, మళ్ళీ పోగు వదుల్తుంది. "తిన్నగా వస్తే అంచు బలహీనంగా ఉంటుందే" అంటుంది. "ఒక్క పోగేగా" అంటుంది. ఒక సాయంత్రం నాకు తెలియకుండానే నా గొంతు లేచింది.

"వదలకు! వదలకు అంటున్నానా! మళ్ళీ వదిలావు చూడు! విప్పు, మొత్తం విప్పు!"

పక్కింటావిడ గోడ మీంచి తల పెట్టింది. "వదీఫా, ఎవరే ఆ అరిచేది?"

"మా పంతులమ్మ" అంది అమ్మ, మారు మాట్లాడకుండా విప్పుతూ.

గురువారం పొద్దున బప్ప నా సంచి మోసుకుని రేవుకు వచ్చాడు. అమ్మ వెనక వస్తుందనుకున్నాను. సామాను ఎక్కించారు, జనం ఎక్కారు. దారి వైపు చూస్తూనే ఉన్నాను.

"అమ్మేది?"

బప్ప ఇబ్బందిగా మెడ గోక్కున్నాడు. "రానంది."

"రానందా?"

"తెల్లవారుజాము నుంచీ అంచు తిన్నగా వస్తోందట. లేచిందంటే చెయ్యి మళ్ళీ పాత దారి పడుతుందని భయం. నిన్ను జాగ్రత్తగా వెళ్ళమంది."

"అంతేనా?"

"అంతే."

నాకు ఒళ్ళు మండిపోయింది. కన్నకూతురు మొదటిసారి దీవి దాటి పోతుంటే చాప వదిలి రేవు దాకా రాలేదట! తాడు విప్పారు. పడవ గట్టు వదిలింది. పడవ నిండా జనం, గట్టు నిండా జనం, అందరూ వింటున్నారు. అయినా నేను లేచి నిలబడి గొంతు చించుకుని అరిచాను.

"బప్పా! పరిగెత్తుకెళ్ళి అమ్మకు చెప్పు!"

"ఏమని?"

"లేవొద్దని! నేను లేవొద్దన్నానని చెప్పు!"